శాంటా ఫే దాకా మోసుకెళ్ళిన మూడు పిట్టలు

మేము న్యూ మెక్సికో వెళ్ళొచ్చామని తెలిశాక చర్చిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "వీసా స్టాంపింగ్‌కా?" వీసా ముద్ర వేయించుకోడానికి వెళ్ళేది మెక్సికో అండీ, ఇది న్యూ మెక్సికో, మన అమెరికాలోదే, టెక్సస్ దాటాక వస్తుంది అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "మరి అక్కడ చూడ్డానికి ఏముంది?" అన్నది రెండో ప్రశ్న. దానికి కాఫీ తాగే టైములో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అసలు మేం వెళ్ళింది చూడ్డానికి కాదు. ఒకావిడ వస్తువు ఆవిడకి అప్పగించడానికి.

ఆష్‌బర్న్

మేముండే ఆష్‌బర్న్‌లో, మా వీధి చివరింట్లో హెలెన్ అనే పెద్దావిడ ఉండేది. భర్త పోయాక ఒంటరిగానే ఉండేది. నేను వాకింగ్‌కి వెళ్తూ చెయ్యి ఊపేదాన్ని, ఆవిడా ఊపేది, మా పరిచయం అంతే. పోయినేడు ఆవిడ బాత్‌రూమ్‌లో పడితే, శాంటా ఫేలో ఉండే కూతురు వచ్చి తనతో తీసుకెళ్ళిపోయింది. తర్వాత కొడుకు మార్క్ వచ్చి, ఇల్లు ఖాళీ చెయ్యడానికి సామానంతా గరాజ్‌లో పెట్టి అమ్మాడు. అక్కడే నాకు ఆ బట్ట దొరికింది.

బట్ట అంటే కట్టుకునేది కాదు. ఉన్నితో మందంగా నేసిన బొమ్మ. పసిపిల్లలకి కప్పే దుప్పటి అంత ఉంటుంది. గోధుమరంగు నేల మీద మూడు పిట్టలు, వాటి వెనక ఒక చిన్న ఇల్లు, పక్కన మన రోడ్ల వెంట పెరిగే కిత్తనార మొక్క. పై అంచుని వెనక్కి మడిచి, ఆ మడత మీద మందపాటి గుడ్డ పట్టీ కుట్టి, పట్టీలోంచి ఒక కర్ర దూర్చి ఉంది. అమ్మానాన్నలు పెళ్ళైన కొత్తలో మెక్సికో నుంచి తెచ్చుకున్నారని చెప్పి మార్క్ ఇరవై డాలర్లకి ఇచ్చేశాడు. నేను తెచ్చి మా మెట్ల దగ్గర గోడకి తగిలించాను. పుట్టి పెరిగింది చీరాలలో కదా, మా వీధి వెనక అన్నీ మగ్గాల ఇళ్ళే. నేతబట్ట చూస్తే నా చెయ్యి ఊరుకోదు. పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగుతూ రోజూ దాన్ని ఒకసారి తడిమేదాన్ని.

చలికాలం వెళ్ళాక ఒకరోజు మార్క్ ఫోన్ చేశాడు. మాట్లాడ్డానికే మొహమాటపడ్డాడు. "మా అమ్మ ఆ పిట్టల గురించి రోజూ అడుగుతోందండీ. అమ్మేశానని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మీరు ఒప్పుకుంటే తిరిగి కొనుక్కుంటాను."

కొనడమెందుకు, నేనే తెచ్చిస్తానన్నాను. మా ఆయన ప్రకాశ్ ఆశ్చర్యపోయాడు. "పోస్ట్‌లో పంపిస్తే పోయేదానికి ఫ్లైట్ బుక్ చేయడం ఏంటి?" పోస్ట్‌లో పోతే ఎవరిది పూచీ అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నాకు దాన్ని వదులుకోవాలని లేదు. అంత దూరం వెళ్ళి ఎదురుగా నిలబడితే, "పోనీలే, నీ దగ్గరే ఉంచుకో" అని ఆవిడ అనకపోతుందా అని ఆశ.

మా చర్చిలో సరోజిని ఆంటీ ఉంది. మా పక్క ఊరు షాంటిలీలో పిల్లల డాక్టర్‌గా చేసి రిటైరైంది. గుంటూరు వదిలి యాభై ఏళ్ళవుతున్నా మాట మాత్రం గుంటూరు దాటలేదు. విషయం చెప్పగానే, "నేనూ వస్తా పద. ముసలామె ఏమంటదో నాకూ చూడాలని ఉంది" అంది. నేను కర్ర తీసేసి, బట్టని పాత వెంకటగిరి చీరలో చుట్టి, ఇండియన్ గ్రోసరీ సంచిలో పెట్టాను. విమానంలో ఆంటీ దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

ఆల్బుకర్కీ

విమానం దిగగానే ముక్కు ఎండిపోయింది. ఎత్తైన ఊరు, గాలిలో తడి లేదు. పది అడుగులు వేస్తే ఆయాసం. ఆకాశం మాత్రం ఇంత నీలం ఉంటుందా అనిపించేలా ఉంది. ఇళ్ళన్నీ మట్టిరంగులో, మూలలు గుండ్రంగా, ఎవరో చేత్తో అలికినట్టున్నాయి. ప్రతి గుమ్మానికీ పక్కన ఎండుమిరపకాయల దండలు. మనిషి పొడవున్న ఒక దండ దగ్గర ఆంటీ ఆగి, ఒక కాయ తొడిమ పట్టి చూసి, "రంగుంది గానీ మన కాయ ఘాటు లేదు" అని తేల్చేసింది.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో తిన్నాం. అక్కడ ఏది చెప్పినా ఎదురు ప్రశ్న ఒకటుంటుంది. "ఎరుపా, పచ్చా?" ఎండుమిరప పులుసు పొయ్యాలా, పచ్చిమిరప పులుసు పొయ్యాలా అని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలట. ఆంటీ క్రిస్మస్ చెప్పింది. నీలం రంగు మొక్కజొన్న రొట్టె మధ్యలో గుడ్డు, బీన్స్, చుట్టూ రెండు రంగుల పులుసు. పన్నెండు డాలర్లకి ఇద్దరం లేవలేకపోయాం. ఆఖర్న పూరీలు తెచ్చారు. అచ్చం మన పూరీలే, పొంగి ఉన్నాయి, కాకపోతే తేనెతో తినాలి. ఆంటీ పర్సులోంచి కారప్పొడి తీసి ఒక పూరీకి అద్దుకుంది. వడ్డించే అమ్మాయి వచ్చి అదేమిటని అడిగి, కొంచెం నాలిక మీద వేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది.

ఆ సంబరంలో సంచి కుర్చీలో మర్చిపోయాం.

బస చేసే హోటల్‌కి వచ్చి చెక్-ఇన్ చేస్తుంటే ఆంటీ తన రెండు చేతులూ చూసుకుంది. "సుగుణా, సంచేదే?" అద్దెకారు ఎలా డ్రైవ్ చేశానో నాకే తెలియదు. దారంతా ఆంటీ, "నాదే తప్పు, నాదే తప్పు" అంటూనే ఉంది. మేం వెళ్ళేసరికి ఆ కుర్చీలో వేరే కుటుంబం కూర్చుని తింటోంది. కింద చూశాం, పక్కన చూశాం, లేదు. అప్పుడు ఆ వడ్డించే అమ్మాయి వంటింట్లోంచి బయటికొచ్చి మమ్మల్ని చూసి, "మీ భోజనం జాగ్రత్తగా పెట్టానండీ!" అంది. ఆ గ్రోసరీ సంచి చూసి, మిగిలింది ఇంటికి కట్టించుకున్నామనుకుని ఫ్రిజ్‌లో పెట్టేసిందట. చల్లగా, బరువుగా ఆ సంచి నా చేతికి వచ్చినప్పుడు నేను ఆ పిల్లని కావలించుకుని ఏడ్చేశాను. అన్నం పోతే ఇంత ఏడుస్తారా అనుకుని ఉంటుంది పాపం.

హోటల్ రూమ్

ఫ్రిజ్‌లో పైన ఏవో కూరాకులు ఉన్నట్టున్నాయి. నీళ్ళు కారి చీర ఒక పక్క తడిసింది, బట్ట పై అంచుకున్న గుడ్డ పట్టీ పూర్తిగా నానిపోయింది. ఆరకపోతే వాసన వస్తుంది, బూజు పడుతుంది అంది ఆంటీ. పర్సులోంచి చిన్న కత్తెర తీసింది.

"విప్పొద్దు ఆంటీ, వాళ్ళ కుట్టు అది."

"తడిగుడ్డ అట్టా వదిలేస్తే ఉన్ని చెడిపోద్దమ్మా. మళ్ళీ నేనే కుడతాగా."

కుట్టు విప్పింది. పట్టీ ఊడి, మడత తెరుచుకుంది. లోపల ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడని జానెడు బొమ్మ ఉంది. ఇంటి వెనక ఒక కొండ. ఎండ తగలక రంగు వెలవలేదు. కాటుక కలిసినట్టుండే ముదురు నీలం. మేమిద్దరం నోరు తెరుచుకుని చూస్తున్నాం. ఆ కొండ నడిమధ్యలో నా బొటనవేలు పట్టేంత చిల్లు.

"పురుగు కొట్టింది," అన్నాను. ఇన్ని నెలలు నా గోడ మీద ఉంది. అంటే నా ఇంట్లోనే కొట్టింది. పురుగు ఒక్క బట్టతో ఊరుకోదని మా అమ్మ అనేది. వెంటనే ప్రకాశ్‌కి ఫోన్ చేసి నా పట్టుచీరల అల్మరా తియ్యమన్నాను. అతను ఒక్కో చీరా తీసి, వీడియోలో లైటుకి పట్టి చూపిస్తుంటే, "ఆ కొంగు తిప్పు, ఆ అంచు చూడు" అని నేను. ఎక్కడా చిల్లు లేదు. "చీరలు బానే ఉన్నాయి సుగుణా. ఇవన్నీ మడత పెట్టడమే నా వల్ల కాదు," అన్నాడు. అది విని కాస్త ఊపిరి ఆడింది గానీ, హెలెన్‌గారి ముందుకి చిల్లుబట్టతో ఎలా వెళ్ళడం అన్నది అలాగే ఉండిపోయింది.

శాంటా ఫే బజారు, ఎస్పనోలా

హెలెన్‌గారు ఉంటున్న కూతురి ఇంటికి మమ్మల్ని మర్నాడు కాక ఆ మర్నాడు రమ్మన్నారు. మధ్యలో ఒక రోజు ఉంది. ఆ లోపల దాన్ని బాగు చేయించాలనుకున్నాం. పొద్దున్నే కారులో శాంటా ఫే వెళ్ళాం. ఊరి నడిబొడ్డున చౌకు ఉంది. ఒక పాత భవనం వసారాలో ఆదివాసీలు వరసగా నేలమీద గుడ్డలు పరిచి వెండి నగలు అమ్ముతారు. మన దగ్గర బేరమాడకుండా కొంటే చేతకానివాళ్ళంటారు. అక్కడ ఆంటీ ఒక ఉంగరానికి సగం ధర అడిగితే, అమ్మే పెద్దావిడ కోప్పడకుండా, "ఇది నా కూతురు చేసిందమ్మా" అంది. ఆంటీ మారు మాట్లాడకుండా చెప్పిన ధర ఇచ్చి వేలికి పెట్టుకుంది.

పాత కంబళ్ళు అమ్మే కొట్టు ఒకటి కనిపిస్తే లోపలికి వెళ్ళి బట్ట చూపించాం. మార్క్ మెక్సికో అన్నా, న్యూ మెక్సికో అయి ఉంటుందని, ఇన్నాళ్ళూ అది ఇక్కడి నవాహో ఆదివాసీల నేత అనుకున్నాను. కొట్టాయన అంచుల దగ్గర దారాలు తడిమి, "కాదండీ. ఇది జాపోటెక్. మెక్సికోలో ఓహాకా అనే చోట ఉండే తెగ. పాతదే, బాగుంది" అన్నాడు. ఆ నేత నేసే ఆవిడ ఎస్పనోలా ఊరి దగ్గర ఉందని దారి చెప్పాడు. అరగంట ప్రయాణం.

ఆవిడ పేరు లూసియా, ఓహాకా నించే వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఇంటి పక్క షెడ్డులో రెండు మగ్గాలు, గోడల నిండా జడల్లా వేలాడుతూ రంగుల ఉన్ని దారం చిలపలు. మా చీరాల మగ్గాలకి నేలలో గొయ్యి ఉంటుంది, కాళ్ళు అందులో పెట్టి కూర్చుని నేస్తారు. వీళ్ళు నిలబడి నేస్తారు, నిలబడే తొక్కుతారు. శబ్దం మాత్రం అదే. ఆ శబ్దం విని ఎన్నేళ్ళైందో. నేను చెప్పకుండానే నా ముఖం చూసి, "మీ ఇంట్లోనూ మగ్గం ఉందా?" అని అడిగింది. వీధిలో ఉండేవి అన్నాను.

"ఇవి టర్కీ కోళ్ళు," అంది లూసియా బట్ట పరిచి. నేను బాతులనుకున్నాను, ఆంటీ నెమళ్ళంది. "మా ఊళ్ళో పెళ్ళికి అబ్బాయి వాళ్ళు అమ్మాయి ఇంటికి తెచ్చేది వీటినే. నేసినావిడ పెళ్ళికోసం నేసి ఉంటుంది." తర్వాత కొండ దగ్గరికి వచ్చింది. చిల్లు అంచుని గోటితో గీకింది.

"పురుగు కాదు ఇది. పురుగు తింటే అంచు మెత్తగా పీలికలుగా ఉంటుంది. ఇదిగో, పట్టుకుని చూడండి, గట్టిగా లేదూ? కాలింది. ఎప్పుడో పాత కాలపుది."

నేను పట్టుకుని చూశాను. నిజమే, మాడిన చక్కెరలా గరుగ్గా ఉంది. కొండ ముదురు రంగులో ఆ నలుపు మాకు కనపడలేదు. "ఎక్కడైనా కాస్త కూర్చోవాలి," అన్నాను. లూసియా నవ్వి స్టూలు జరిపింది.

"బాగు చేసి ఇవ్వగలరా? రేపటికి?"

"చేస్తాను. ఇది మీదేనా?"

కాదని మొత్తం కథ చెప్పాను. లూసియా బట్టని మెల్లగా చుట్టేసింది. "అయితే ముందు ఆవిడని అడగండి. ఆవిడ సరేనంటే ఎప్పుడైనా తీసుకురండి. అడక్కుండా నేను సూది పెట్టను."

ఆంటీకి కోపం వచ్చింది. "ఆమెకి తొంభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. చూస్తే బాధపడదా?"

"బాధపడితే పడతారు. ఆవిడ బట్ట కదండీ," అంది లూసియా. అంతటితో ఆగకుండా మమ్మల్ని వంటింట్లోకి లాక్కెళ్ళి, పెనం మీద రొట్టెలు కాల్చి, నల్లటి పులుసుతో పెట్టింది. అందులో మిరపకాయలు, నువ్వులు, చాక్లెట్టు కలుస్తాయట. చాక్లెట్టుతో కూరేమిటనుకున్నాం గానీ, రుచి దాదాపు మన నువ్వుల పులుసుకి దగ్గరగా ఉంది. పిల్లల గురించి అడిగితే, "నేను జాపోటెక్‌లో పిలుస్తాను, వాళ్ళ నాన్న స్పానిష్‌లో తిడతాడు, వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు" అంది. ఆంటీ పగలబడి నవ్వింది. "మా ఇంట్లోనూ అంతేనమ్మా, కాకపోతే తిట్టేదీ నేనే."

హెలెన్‌గారి కొత్త ఇల్లు

మర్నాడు కూతురు కేరల్ తలుపు తీసింది. అరవై దాటిన మనిషి, నిద్ర లేని కళ్ళు. గుమ్మంలోనే మెల్లగా చెప్పింది. "అమ్మకి ఇంకా ఇక్కడ కుదురు రాలేదు. రోజూ సాయంత్రం సూట్‌కేస్ సర్దుకుని, ఇంటికి తీసుకెళ్ళమంటుంది. ఆ ఇల్లు అమ్మేశామని చెబితే ఆ రాత్రంతా ఏడుస్తుంది. మళ్ళీ మర్నాడు మామూలే."

హాల్లో ఒక సోఫా పక్కన నిజంగానే నీలం సూట్‌కేస్ ఉంది. హెలెన్‌గారు సోఫాలో కూర్చుని ఉన్నారు. మా వీధిలో చూసినదానికన్నా సగమైపోయారు. నన్ను చూసి చెయ్యి ఊపారు, రోడ్డు అవతల నించి ఊపినట్టు. గుర్తుపట్టారో, అలవాటో తెలియలేదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, బట్టకి చుట్టిన చీర విప్పాను. ముందే చెప్పేద్దామనుకున్నాను. "తడిసిందని కుట్టు విప్పామండీ. మీ పట్టీ సంచిలోనే ఉంది. లోపల ఒక చిల్లు..."

ఆవిడ నా మాట వినడం లేదు. బట్టని నా చేతుల్లోంచి లాక్కున్నారు. మర్యాదగా కాదు, లాక్కున్నారు. ఒళ్ళో పరుచుకుని, పైకి తడుముతూ వెళ్ళి, చెయ్యి కొండ మీద ఆగిపోయింది. వేలు చిల్లులోకి దూర్చారు.

"పైపు," అన్నారు.

కేరల్ వంగింది. "ఏం పైపు అమ్మా?"

"మీ నాన్న పొగ తాగే పైపు. ఇది అప్పుడు ఆయన కుర్చీ మీద ఉండేది. నిప్పురవ్వ పడింది. ఎంత ఏడ్చాడనుకున్నావ్? పారెయ్, నాకు చూడాలని లేదన్నాడు. ఆయనకి కనపడకుండా నేనే మడిచి కుట్టి, గోడకి పెట్టాను. కొండ నీలంగానే ఉంది, చూడు. నీలంగానే ఉంది కేరల్."

"నాకు కొండ ఉందనే తెలీదమ్మా," అంది కేరల్.

బాగు చేసే మనిషి ఉందని, కావాలంటే తీసుకెళ్తానని చెప్పాను. హెలెన్‌గారు తల అడ్డంగా ఊపారు. "వద్దు. మళ్ళీ మడవనూ వద్దు. ఆయన లేడుగా ఇప్పుడు బాధపడ్డానికి." ఆ తర్వాత భోజనం పెడితే కూడా దాన్ని ఒళ్ళోంచి తియ్యనివ్వలేదు. సూప్ పడుతుందని కేరల్ కంగారు పడితే, ఆంటీ పర్సులోంచి తువ్వాలు తీసి పైన కప్పింది.

"నీ దగ్గరే ఉంచుకో" అనే మాట ఎక్కడా రాలేదు. వస్తుందేమోనన్న ఆశ కూడా నాకు ఆ సోఫా దగ్గరే పోయింది. అంత బలంగా లాక్కున్న చేతుల్ని చూశాక, అది నా ఇంట్లో ఉండి ఉంటే ఎంత తప్పయ్యేదో తెలిసింది. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది.

వెళ్ళేముందు నన్నే తగిలించమన్నారు. కేరల్ వెతికి తెచ్చిన ఒక కర్రకి దారంతో కట్టి గోడకి ఆనించి పట్టుకున్నాను. "కిందికి... ఇంకా కిందికి." సోఫాలో కూర్చుంటే చెయ్యి అందేంత కిందికి. గోడకి అది చూడ్డానికి బాగుండదు. అయినా అక్కడే కొట్టాం మేకు.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున్న ఎయిర్‌పోర్ట్ దారిలో టిఫిన్‌కి ఒక హోటల్ దగ్గర ఆగాం. చిన్నది, నాలుగు టేబుళ్ళు. పక్క టేబుల్ దగ్గర టోపీలు పెట్టుకున్న ముసలి దంపతులు బంగాళదుంపలు తింటున్నారు. ఆంటీ మళ్ళీ క్రిస్మస్ చెప్పింది. ప్లేట్లు ఇంకా రాలేదు, నా ఫోన్ మోగింది. కేరల్.

ఏమైనా జరిగిందేమోనని స్పీకర్ పెట్టాను.

"నిన్న సాయంత్రం అమ్మ సూట్‌కేస్ ముట్టుకోలేదు," అంది కేరల్. "ఇంటికెప్పుడు అని ఒక్కసారి అడిగింది. నేను జవాబు చెప్పేలోపు తనే గోడ వైపు తిరిగి, ఆ కొండ గురించి మొదలుపెట్టింది. తర్వాత నిద్రపోయింది. నేనూ పడుకున్నానండీ. తెల్లారేదాకా పడుకున్నాను. రేపు మళ్ళీ సర్దుకుంటుందేమో, నాకు తెలీదు. కానీ నిన్న పడుకున్నాం."

థాంక్స్ చెప్పి పెట్టేశాను. ఎదురుగా సరోజిని ఆంటీ, హోటలని కూడా చూడకుండా రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. మన చర్చిలో చేసినట్టే గట్టిగా, తెలుగులో, ఆ తల్లీకూతుళ్ళ పేర్లు చెప్పి స్తోత్రం చెల్లించింది.

పక్క టేబుల్ ముసలాయన టోపీ తీసి, "ఆమెన్" అన్నాడు.